నీలాంబరి రికార్డ్స్‌లో పహాణీలు దొరకవు

ముందే చెప్పి పెడుతున్నాను, నేను కోతలు కోసే మనిషిని. మా ఇంటి గోడ మీది బల్లి నా నోట పడితే వాకిలి దాటేలోపు ఉడుమవుతుంది, ఊరు దాటేలోపు మొసలవుతుంది. మా ఆవిడ నా మాటల్లోంచి సగం తీసేసి, మిగిలిన సగానికి సాక్షిని అడుగుతుంది. మీరూ అదే పద్ధతి పాటించండి. ఇందులో ఒక్కటి మాత్రం పూర్తిగా కల్పించాను. అదేదో చివర నేనే చెప్పేస్తాను, మధ్యలో ఆగి వెతుక్కోకండి.

చిన్న మ్యూజిక్ కంపెనీ పెడదామనుకునే కుర్రాళ్లు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. ఏం చెప్పాలో తెలియక టీ పోసి పంపుతుంటాను. టీ పొడి ఖర్చు పెరిగిపోతోందని మా ఆవిడ గొణుగుతోంది. అందుకే ఇది రాస్తున్నాను.

శంషాబాద్ విమానాశ్రయం తెరిచిన 2008లో మొదలై 2014లో మూతపడిన నీలాంబరి రికార్డ్స్ అనే జాజ్ సంగీత కంపెనీకి నేను మేనేజర్ని, సౌండ్ ఇంజినీర్ని, స్వీపర్ని. యాభై నిండకముందే రిటైరయ్యాను. రిటైర్మెంటు ఇచ్చేవాళ్లెవరూ లేక నాకు నేనే ఇచ్చుకుని, శాలువా కూడా నేనే కప్పుకున్నాను. ఎండాకాలం కావడంతో వెంటనే తీసేశాను.

కోళ్లు వెళ్లిపోయిన చోట

మా కంపెనీకి డబ్బు పెట్టింది మూర్తి గారు. విజయవాడ వైపు మనిషి, బ్యాంకులో ఆఫీసరుగా చేసి దిగిపోయి హైదరాబాదులో స్థిరపడ్డారు. జాజ్ అంటే ప్రాణం. జాజ్ అంటే ఏమిటని మీరు అడగొచ్చు, నేనూ అడిగాను. అందరికీ తెలిసిన దారిలో పాట బయల్దేరుతుంది, వాయించేవాడికి బుద్ధి పుట్టిన సందుల్లోకల్లా తిరుగుతుంది, చివరికి ఇల్లు చేరుతుంది, అన్నారాయన. మా వైపు అలా తిరిగేవాణ్ణి వేరే పేరుతో పిలుస్తారు. కానీ ఆయన పెద్దమనిషి, ఊరుకున్నాను.

ఆయన సిద్ధాంతం సూటిగా ఉండేది. "చూడండీ, ఇక డిస్కులుండవు, డబ్బాలుండవు, గోడౌన్లుండవు. పాటను ఇంటర్నెట్‌లో పెడతాం. ఓస్లోలో కూర్చున్న మనిషి క్షణంలో దింపుకుంటాడు. మనకు కావలసిందల్లా ఒక గది, ఒక మంచి మైకు" అన్నారు.

గది నా దగ్గరుంది. మాది శంషాబాద్ పక్క పల్లె, వ్యవసాయం చేసుకునే కుటుంబం. నాకో కోళ్ల షెడ్డుండేది. విమానాలు మొదలయ్యాక కోళ్లు వాటిని గద్దలనుకున్నాయి. ఒక్కో విమానం వెళ్లినప్పుడల్లా షెడ్డంతా ఒక్కసారిగా నేలకు కరుచుకునేది. గుడ్లు పెట్టడం మానేశాయి. పెట్టిన ఒకటీ అరా కూడా భయంతో నిలువుగా పెట్టాయి. కోళ్లను అమ్మేశాను. మిగిలిన గుడ్ల అట్టలను గోడలకు అతికిస్తే స్టూడియో అయింది. కోళ్లను వెళ్లగొట్టిన విమానాలు పాటను మాత్రం ఊరుకుంటాయా అన్న అనుమానం మా ఇద్దరిలో ఒక్కడికీ రాలేదు. చదువుకున్నవాడు, చదువుకోనివాడు కలిసి పెట్టిన కంపెనీ అంటే అలాగే ఉంటుంది.

మేడం మీటింగ్‌ల ఉన్నది

రోడ్డు మీదికి కనబడేలా పెద్ద బోర్డు పెట్టించాం: నీలాంబరి రికార్డ్స్, డిజిటల్ డౌన్‌లోడ్స్. నీలాంబరి అనేది రాగం పేరని మూర్తి గారు మురిసిపోయారు.

ఆ రోజులెలాంటివో గుర్తు చేసుకోండి. విమానాశ్రయం వచ్చింది, చుట్టూ భూములకు రెక్కలొచ్చాయి. మట్టిగడ్డ కనిపిస్తే ప్లాటు, ప్లాటు కనిపిస్తే గొడవ. ఎవరి చేతిలో చూసినా పట్టాదారు పాసుబుక్కు. అలాంటి చోట రోడ్డు పక్క 'రికార్డ్స్' అని బోర్డు పెడితే జనం ఏమనుకుంటారు? తెల్లారేసరికి షెడ్డు ముందు లైను కట్టారు. మంఖాల్ నుంచి, జల్‌పల్లి నుంచి, బాలాపూర్ నుంచి కూడా వచ్చారు. భూమి ఎవరి పేరున ఉందో, ఎవరు దున్నుతున్నారో రాసి ఉండే పహాణీ నకళ్లు కావాలన్నారు. వినాయకుడి లడ్డూ వేలానికి బాలాపూర్‌కు కూడా అంతమంది పోరని మా ఆవిడతో అన్నాను. ఉన్నది ఎనిమిది మందే, నేను లెక్కపెట్టిన అంది.

కొత్తాఫీసనుకున్నారు. నీలాంబరి అంటే లోపల కూర్చున్న ఆఫీసరమ్మ అనుకున్నారు. ఒక ముసలాయన పొద్దున్నుంచి అరుగు మీదే కూర్చుని, "మేడం ఎప్పుడొస్తది బిడ్డా" అని మా ఆవిణ్ణి అడిగితే, "మేడం మీటింగ్‌ల ఉన్నది తాతా" అంది. ఆమెకు అబద్ధం చెప్పడం రాదని అప్పటిదాకా నమ్మేవాణ్ణి.

మా కంపెనీ మొత్తం చరిత్రలో మాకు దొరికిన ఏకైక గొప్ప వాయిద్యగాడు ఆ లైనులోంచే వచ్చాడు. మీకు నేను చెప్పే మొదటి పాఠం ఇదే. ప్రతిభను వెతుక్కుంటూ బయల్దేరకండి. బోర్డు తప్పుగా రాసి పెట్టుకోండి చాలు.

అతని పేరు నర్సింహ. నాకంటే పెద్దవాడు. జల్‌పల్లిలో పెళ్లిళ్ల బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. బంగారు అంచు ఎర్రకోటు, చంకలో క్లారినెట్ పెట్టె, ఎక్కడికో బరాత్‌కు పోతూ దారిలో ఆగాడు. వాళ్ల కుటుంబపు మెట్టభూమి, ఒక రాళ్ల చెలక, విమానాశ్రయంలో పోయింది. దానికి రావలసింది వచ్చింది, తీసుకుని అత్తగారి ఊరు మంఖాల్ చేరాడు. గొడవేమీ లేదు. చెలక వాళ్లదిగా ఉన్నప్పటి పాత పహాణీలో బాపు పేరు ఉంటుంది కదా, ఆ నకలు ఒకటి దగ్గర పెట్టుకోవాలని ఆశ.

"అన్నా, గిది పాటల కంపెనీ. భూమి కాయితాలు మండలాఫీసుల దొరుకుతయి" అన్నాను.

"రికార్డ్స్ అని రాసుకున్నవ్ గద."

"పాటల రికార్డులు."

నర్సింహ బోర్డు వంకా నా వంకా చూశాడు. "పాటకు రికార్డెందుకు తమ్మీ? పాటను గూడ ఎవడన్న కబ్జా పెడుతడా?"

ఆ ప్రశ్నకు జవాబు తెలుసుకోవడానికి నాకు ఆరేళ్లు పట్టింది.

టీ వచ్చేదాకా కూర్చోమంటే, క్లారినెట్ రీడు తడి ఆరకుండా ఏదో వాయించుకున్నాడు. లోపల మూర్తి గారు కళ్లు మూసుకున్నారు. ఆయన నచ్చినా కళ్లు మూసుకుంటారు, నచ్చకపోయినా మూసుకుంటారు, కాబట్టి దాన్నిబట్టి ఏమీ చెప్పలేం. కానీ ఆ రోజు చేతిలో కప్పు వంగి టీ పంచె మీద పడుతున్నా తెరవలేదు.

రాళ్ల చెలక చప్పుడు

అది నర్సింహ తండ్రి బాలయ్య కట్టిన వరుస. వాళ్లు ఆ చెలకలో జొన్న వేసేవారు. బాలయ్య మంచె మీద కూర్చుని పిట్టల్ని కొడుతూ పిల్లనగ్రోవి ఊదేవాడు. పిట్టలు వాలినప్పుడల్లా ఊదడం ఆపి, ఒడిసెలతో రాయి విసిరి, మళ్లీ అందుకునేవాడు. ఆ ఆపడాలు కూడా పాటలో ఉండిపోయాయి. కొడుకు క్లారినెట్‌లో అక్కడే ఆపుతాడు, రాయి విసిరినట్టు ఒక చిన్న విరుపు విరుస్తాడు, మళ్లీ దారిలో పడతాడు. మూర్తి గారు దీన్నే జాజ్ అంటారని నాకు అప్పుడు అర్థమైంది.

రికార్డు చేద్దామంటే నర్సింహ చూద్దామన్నాడు. కొన్నాళ్లకు మళ్లీ వచ్చాడు, ఈసారి ఎర్రకోటు లేదు, ముఖం వాడిపోయి ఉంది. మండలాఫీసులో పాత పహాణీలు తీయించాడట. అన్నింట్లోనూ పెద్దబాపు పేరే ఉంది. పొత్తుల భూమి. అన్నదమ్ములు కలిసి దున్నుకున్నారు, విడిగా పేరు ఎక్కించుకుందామని బాలయ్యకు ఎప్పుడూ తోచలేదు. పెద్దన్న పేరుంటే అందరి పేరూ ఉన్నట్టే అనుకునే కాలం.

"బాపు పేరు ఏడ లేదు తమ్మీ. బతుకంత గాడనే ఉన్నడు, ఒక్క కాయితం మీద లేడు." కండువాతో ముఖం తుడుచుకుని, "నేను వాయిస్త. పైసలు తర్వాత సంగతి. మీ రికార్డుల మా బాపు పేరు ఎక్కాలె" అన్నాడు.

ఎక్కుతుందన్నాను. అంతకంటే సులువైన పని ఏముంటుందనుకున్నాను.

రికార్డింగు గురించి ఎంత చెప్పినా తక్కువే. మేం మొదలుపెట్టగానే విమానం వచ్చేది. ఆగితే పోయేది. మళ్లీ మొదలుపెడితే ఇంకోటి. పైలట్లు రికార్డింగు మొదలైందని మా షెడ్డు మీద వెలిగే ఎర్రలైటు చూసి మరీ బయల్దేరేవారని ఇప్పటికీ నా నమ్మకం. మూర్తి గారికి శబ్దం శుభ్రంగా ఉండాలి. బ్యాంకులో చిరిగిన నోటు చూసినట్టు ప్రతి విమానాన్నీ చూసేవారు. వాయించి వాయించి నర్సింహ పెదవి వాచింది. చివరికి ఒకసారి, సరిగ్గా ఆయన ఆపే చోట, పిట్టల కోసం ఆపే ఆ ఖాళీలో విమానం లేచింది. నర్సింహ క్లారినెట్ పెదవి నుంచి తీయలేదు. అది పోయేదాకా కాచుకుని, దాని మీదికే రాయి విసిరినట్టు విరిచి, అందుకున్నాడు.

మూర్తి గారు చేయెత్తారు. "బ్రహ్మాండంగా వచ్చిందండీ. కానీ ఆ విమానం చప్పుడు ఉంది. కత్తిరిద్దాం, లేదా మళ్లీ తీద్దాం" అన్నారు.

"తియ్యకుండ్రి సారూ" అన్నాడు నర్సింహ. "గది లేసేది మా చెలకకెల్లే. గిప్పుడు చెలక సప్పుడు గదే."

మూర్తి గారు కళ్లు మూసుకున్నారు. తెరవకుండానే, ఉంచెయ్యండి అన్నారు. యజమానుల గురించి నా అభిప్రాయం అడిగితే ఇంతే చెబుతాను. అన్నీ తెలిసినవాడు బాసుగా దొరికితే పారిపోండి. తెలిసినదాన్ని ఒక్కసారైనా వదులుకోగలిగినవాడు దొరికితే, ఆయన మిగతా రోజుల్లో ఎంత విసిగించినా ఓర్చుకోండి. మూర్తి గారు మిగతా రోజులన్నీ విసిగించారు.

సంప్రదాయం ఏ ఊరాయన?

ఇంటర్నెట్‌లోంచి వినేవాళ్లు పాటను దింపుకోవాలంటే, ముందు మనం ఎక్కించాలి. మా షెడ్డులో ఇంటర్నెట్ అంటే కంప్యూటరుకు గుచ్చిన ఒక పుల్ల. పాట ఎక్కడం మొదలుపెట్టేది, కరెంటు పోయేది, మళ్లీ మొదటి నుంచి. ఆ ఒక్క పాట ఎక్కేలోపు మా ఎద్దు ఈనిందని నేనంటే, దూడను కట్టేసి రా పో అంది మా ఆవిడ.

మా పాటలను అన్ని సైట్లకూ చేర్చేది ముంబైలోని ఒక కంపెనీ. ప్రతి పాటకూ కొన్ని గడులు నింపాలి: పాట పేరు, వాయించినవారు, స్వరకర్త. స్వరకర్త గడిలో బాలయ్య అని రాశాను. రెండో రోజే తిప్పి పంపారు. ఈయన స్వరకర్త అనడానికి ఏదైనా పత్రం ఉందా? లేకపోతే 'సంప్రదాయం' అని వేసుకోండి, అందరూ అదే వేస్తారు.

మంచె మీద పిట్టల్ని కొట్టినవాడికి పత్రం ఎవరిస్తారు? పిట్టలివ్వాలి.

మూర్తి గారు నన్ను ఓదార్చారు. సంప్రదాయం అంటే గౌరవమేనండీ అన్నారు. ఆ గౌరవాన్ని నర్సింహకు చెప్పడానికి నన్నే పంపారు. కష్టమైన పని కింది ఉద్యోగికి అప్పగించడం కూడా సంప్రదాయమే.

మంఖాల్‌లో నర్సింహ ఇంటి ముందు మంచం మీద కూర్చుని చెప్పాను.

"సంప్రదాయమా? గాయనెవరు? ఏ ఊరాయన?"

"ఎవలు కాదన్నా. ఎవలు కట్టిండ్రో తెల్వని పాటలకు గట్ల రాస్తరు."

"నాకు తెలుసు గద."

నర్సింహ క్లారినెట్ ముక్కలు విప్పి ఒక్కొక్కటి తుడిచి పెట్టెలో పెడుతున్నాడు. "గా చెలక గురించి అడిగితె గూడ గిదే మాటన్నరు తమ్మీ. అందరిది అన్నరు. అందరిది అంటే మా బాపుది గాదన్నట్టే. మా పాట మాకిచ్చెయ్యిండ్రి, ఎక్కియ్యకుండ్రి."

నాలుగు రోజులు నాకు అన్నం సయించలేదు. ఇక్కడ కోత లేదు, కావాలంటే మా ఆవిణ్ణి అడగండి. ఐదో రోజు ఆమే బియ్యం ఏరుతూ అడిగింది: "పాటకు పేరేం పెడుతున్నరు?"

రాళ్ల చెలక అన్నాను.

"పాట పేరుకు గూడ పత్రం అడుగుతరా?"

అడగరు. పాటకు ఏ పేరైనా పెట్టుకోవచ్చు. నేనూ మూర్తి గారూ మొహమొహాలు చూసుకున్నాం. రాళ్ల చెలక కొట్టేసి 'బాలయ్య చెలక' అని రాశాం. ముంబై వాళ్లు కిక్కురుమనలేదు. స్వరకర్త: సంప్రదాయం. పాట: బాలయ్య చెలక. ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది కాబట్టి, కంప్యూటరు తెర మీద ఎక్కడి నుంచి ఎక్కడిదాకా తన బాపో నర్సింహ నా చేత వేలు పెట్టి చూపించుకున్నాడు. తెర మీద వేలిముద్ర పడింది. చాలా రోజులు తుడవలేదు నేను.

దింపుకున్నవాళ్లు

ఇక్కడ మీకు నిజం చెప్పాలి. జాజ్ దింపుకునేవాళ్లు ఎక్కువమంది ఉండరు. దుకాణం పెట్టుకుంటే కనీసం ఈగలైనా వస్తాయి, డౌన్‌లోడ్ దుకాణానికి అవీ రావు. వచ్చినవాడి ముఖం కనపడదు, వెళ్లినవాడి వీపు కనపడదు. పొద్దున్నే కంప్యూటరు తెరిచి, రాత్రి ఎవరైనా దింపుకున్నారా అని చూసుకోవడమే ఉద్యోగం. అలా చూసుకోవడంలో మనిషికి ఒక రకమైన అలసట వస్తుంది. పొలం దున్నితే వచ్చే అలసట పడుకుంటే పోతుంది. ఇది పడుకున్నా పోదు.

ఓస్లో నుంచి ఒకాయన నిజంగానే దింపుకున్నాడు. ఈమెయిల్లో ఉత్తరం కూడా రాశాడు, ఆ విమానం చప్పుడు ఏ యంత్రంతో సృష్టించారని. మూర్తి గారు ఆ ఉత్తరాన్ని అచ్చు తీయించి జేబులో పెట్టుకు తిరిగారు. మేం చేసిన బాసల్లో ఓస్లో ఒక్కటే నెరవేరింది.

ఒకరోజు శంషాబాద్ బస్టాండు దగ్గర నిలబడి ఉంటే, మొబైల్ దుకాణంలోంచి మా పాట వినిపించింది. పిట్టల ఖాళీ, విమానం, విరుపు, అన్నీ. దుకాణం శ్రీశైలం అనే కుర్రాడిది. మెమరీ కార్డుల్లో పాటలు ఎక్కించి ఇవ్వడం వాడి వ్యాపారం. మేం నర్సింహకు ఇచ్చిన కాపీని ఆయన వీడి దగ్గరే ఫోన్లో వేయించుకున్నాడట. వీడు ఒకటి ఉంచుకున్నాడు.

"విమానం పాట అన్నా గిది" అన్నాడు శ్రీశైలం సంతోషంగా. "ఎయిర్‌పోర్టు టాక్సీలోళ్లు అడిగి మరీ ఎక్కిచ్చుకుంటున్నరు. నీకు గూడ ఎక్కియ్యాల్నా?"

నా పాటను నాకే ఎక్కిస్తానన్నాడు. హక్కుల గురించి మూర్తి గారు నేర్పిన ఉపన్యాసం నా దగ్గర సిద్ధంగా ఉంది. నోరు తెరిచాను. వేరే మాట వచ్చింది.

"ఎక్కిస్తే ఎక్కియ్. పేరెందుకు మార్చినవ్?"

"పొడుగున్నది అన్నా. ఫోన్ల సగమే కనవడుతది, 'బాల' అని. పిల్లల పాటలనుకొని ఒక్కడు గూడ ఒత్తుతలేడు."

వాడి పక్కన స్టూలు మీద కూర్చుని బాలయ్య సంగతంతా చెప్పాను. వాడు మధ్యలో ముగ్గురికి రీచార్జి చేశాడు, కానీ విన్నాడు. విని, ఆలోచించి, ఇంగ్లీషు అక్షరాలు కుదించి పేరు తిరగరాశాడు: బాలయ్య విమానం. విమానం అన్న మాట సగమైనా కనపడాలి, లేకపోతే గిరాకీ పోతుందన్నాడు. వ్యాపారి మాటలో న్యాయముంది. దొంగతో నేను కుదుర్చుకున్న ఏకైక ఒప్పందం అది. కంపెనీ చేసిన ఒప్పందాలన్నింట్లోకీ మంచిదదే.

నర్సింహకు భయపడుతూ చెప్పాను. ఆయన మొదట అర్థం కానట్టు చూశాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టి, దగ్గొచ్చేదాకా నవ్వాడు.

"చెలక వోయింది గని తమ్మీ, బాపుకు విమానం వచ్చింది."

దించేయడం

2014లో ముంబై కంపెనీ మూతపడింది. జనం పాటలను దింపుకోవడం మానేసి, ఉన్నచోటే వినడం మొదలుపెట్టారట. అన్ని సైట్ల మీది నుంచీ మా పాటలను ఒక్క పూటలో దించేశారు. ఎక్కించడానికి ఎద్దు ఈనింది, దించడానికి కోడి కూత కూడా పట్టలేదు. అసలు రికార్డింగున్న కంప్యూటరు హార్డ్ డిస్కు షెడ్డు రేకుల వేడికి ముందే చచ్చిపోయింది. సైట్లలో ఉంది కదా అనుకున్నాం. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. అన్ని చోట్లా ఉందనుకున్నది ఏదో ఒక రోజు ఎక్కడా ఉండదు. మూర్తి గారు విజయవాడ వెళ్లిపోయారు. అప్పుడప్పుడు ఫోన్ చేసి ఏమీ మాట్లాడరు. అటువైపు కళ్లు మూసుకున్నారని నాకు తెలుస్తుంది.

శ్రీశైలం ఇప్పుడు ఫోన్ల కవర్లు అమ్ముతున్నాడు, పాటలెక్కించే కంప్యూటరును తీసేశాడు. నర్సింహ ఫోన్ బరాత్‌లో పోయింది. ఓస్లో ఆయనకు రాస్తే జవాబు రాలేదు. కాబట్టి బాలయ్య పాట ఇప్పుడు ఉంటే, వాడు ఎక్కించి ఇచ్చిన ఆ కార్డుల్లో ఉండాలి. ఆ కార్డులు ఏ టాక్సీలో, ఏ ఆటోలో తిరుగుతున్నాయో ఎవరికీ తెలియదు.

మొన్న శంషాబాద్‌లో షేర్ ఆటో ఎక్కాను. డ్రైవరు పక్కన సగం సీటు దొరికింది. పాట మొదలైంది. పిట్టలు వాలే చోట ఆగింది. విమానం లేచింది. అద్దం కింద ఇరికించిన ఫోన్ మీద పేరు వెలుగుతోంది: బాలయ్య విమానం. బాలయ్య అంటే ఎవరు తమ్మీ అని డ్రైవర్ని అడిగాను. "ఎవలో మస్తు పెద్ద మనిషి ఉంటడన్నా. సొంత విమానం ఉన్నోడు" అన్నాడు.

ఇగ ఒప్పుకుంటున్నాను. ఈ ఆటో నేను కల్పించింది. కోళ్లు, మేడం, ఓస్లో, వాచిన పెదవి అన్నీ జరిగినవే. కాస్త సాగదీశాను, అంతే. ఆటో మాత్రం లేదు. షేర్ ఆటో ఎక్కినప్పుడల్లా ముందు సీటుకే పోతాను, డ్రైవరు ఫోన్ కనపడేలా మెడ చాస్తాను, జేబుదొంగనుకుని వాళ్లు ఫోన్ తిప్పేసుకుంటారు. కాగితం మీదైనా ఒకసారి ఆయన పేరు ఎక్కించి చూద్దామనిపించింది, ఎక్కించాను.

నర్సింహ దగ్గర మాత్రం ఈ కోత కోయలేదు. కలిసినప్పుడల్లా అడుగుతాడు, యాడన్న వినవడ్డదా అని. ఇంకా లేదన్నా అంటాను. ఆయన పైన పోతున్న విమానం వంక ఒకసారి చూసి, క్లారినెట్ పెట్టె ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంటాడు.

"వినవడుతది తియ్" అంటాడు.